చక్కెర తక్కువైన, అసలు లేని డార్క్ చాక్లెట్: 85, 90, 100 శాతం.. మీరు ఎక్కడ ఆగారు?

చేదుప్రియ

ఈమధ్య 70 శాతం చాక్లెట్ కూడా నాకు తియ్యగా అనిపిస్తోంది. 85 రోజూ తినేదైపోయింది. 90 కూడా హాయిగా దిగుతోంది. 100 శాతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క తప్పుతోంది. ఒక బార్ ముక్క పెట్టుకోగానే నోరంతా బిగదీసుకుపోయింది. ఇంకో బార్‌లోనూ చక్కెర రవ్వంత లేదు, అయినా మెల్లగా కరిగి, చివర్లో ఎండుద్రాక్ష లాంటి వాసన చాలాసేపు నిలిచింది. రెండింటి మీదా ఒకే అంకె!

ఇంత తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? 85 దాటి తినేవాళ్లు ఎవరెవరున్నారు, ఏ రుచి కోసం తింటున్నారు? ఆరోగ్యానికి మంచిదని కళ్లు మూసుకుని మింగేవాళ్ల సంగతి కాదు, ఇష్టంగా తినేవాళ్ల సంగతి అడుగుతున్నాను.

పాలచుక్క

నాకు 55 దాటితే కుదరదండీ. పాలు కలిసిందే నాకు చాక్లెట్. స్నేహితురాలు 100 శాతం ముక్క ఇస్తే నోట్లో అర నిమిషం కూడా ఉంచుకోలేకపోయాను. అయినా ఈ చర్చ మొత్తం చదువుతాను. మీకు అందులో ఏం దొరుకుతుందో నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

గింజలమనిషి

చేదుప్రియ గారూ, రేపర్ మీది అంకె చెప్పేది ఒకే ఒక్క సంగతి: ఆ బార్‌లో కోకో గింజ నుంచి వచ్చింది ఎంత అని. గింజలోని కొవ్వు, అంటే కోకో బటర్, కొవ్వు కాని మిగతా భాగం, రెండూ కలిపే ఆ లెక్క. తక్కినదంతా దాదాపు చక్కెరే. గింజ బరువులో సగానికి కాస్త అటూ ఇటూగా కొవ్వే ఉంటుంది. తయారీదారు విడిగా ఇంకొంచెం కోకో బటర్ కలిపినా అదీ శాతంలోకే వస్తుంది. అందుకే ఒక 85 మెత్తగా, చేదు తక్కువగా ఉంటుంది. కొవ్వు తీసేసిన కోకో పౌడర్ కలిపిన ఇంకో 85 తింటే నోరు ఎండిపోతుంది. 100 శాతం బార్లలోనూ కొన్నింటిలో గింజ ఒక్కటే ఉంటుంది, కొన్నింటిలో అదనంగా కోకో బటర్ పడుతుంది. మీకు మెత్తగా కరిగినదాని వెనక అట్ట ఒకసారి చూడండి.

ఇదంతా పైపై తేడా. అసలు సంగతి గింజని పులియబెట్టడంలో ఉంది. కాయ కోశాక గుజ్జుతో సహా గింజల్ని కుప్పపోసి గానీ చెక్క పెట్టెల్లో వేసి గానీ పులియబెడతారు. ముందు ఈస్ట్ గుజ్జులోని చక్కెరని ఆల్కహాల్ చేస్తుంది. ఆ తర్వాత బాక్టీరియా వచ్చి దాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. లోపల వేడి 45 నుంచి 50 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికీ ఆమ్లానికీ గింజలో మొలక చచ్చిపోతుంది, లోపల రసాలన్నీ కలిసిపోతాయి. వగరుకి కారణమైన పాలిఫినాల్స్ చాలావరకు తగ్గేది ఇక్కడే. వేయించినప్పుడు చాక్లెట్ వాసనగా మారే ముడిసరుకు తయారయ్యేదీ ఇక్కడే.

సరిగ్గా పులిసిన గింజని నిలువునా కోస్తే లోపల గోధుమ రంగులో, పగుళ్లు పగుళ్లుగా కనిపిస్తుంది. సగం పులిసినది ఊదా రంగులో ఉంటుంది. అసలు పులియనిది పలక రంగులో, గట్టిగా, పగులనేది లేకుండా ఉంటుంది. ఆ గింజని ఎంత బాగా వేయించినా వగరు పోదు. 60 శాతం బార్‌లో ఆ లోపాన్ని చక్కెర కప్పేస్తుంది. 100 లో కప్పడానికి ఏమీ ఉండదు. నేను 100 తినేది అందుకే. పండించినవాడి పని ఎలాంటిదో అందులో సూటిగా తెలుస్తుంది.

నాలుకలెక్క

గింజలమనిషి అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి ఒకటి కలుపుతాను. 100 శాతం తిని ‘అబ్బా, ఎంత చేదో’ అనేవాళ్లని కాస్త ఆగి అడగండి, చాలామందికి అడ్డుపడింది చేదు కాదు. మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి.

చేదు అసలైన రుచి. కోకో గింజలోనే ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థం, కొంచెం కెఫీన్, వేయించినప్పుడు పుట్టే ఇంకొన్ని పదార్థాలు దానికి మూలం. నాలుక వెనక్కి జరిగేకొద్దీ బలపడి కాసేపు ఉండి పోతుంది. వగరు రుచి కాదు, అది స్పర్శ. పాలిఫినాల్స్ లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుని ముద్దకట్టిస్తాయి, అంతవరకు నోటిని జారుడుగా ఉంచిన తడి పోతుంది. బుగ్గల లోపలి చర్మం పళ్లకి అతుక్కున్నట్టు ఉంటే అది వగరు. ఇక మూడోది పులుపు. పులియబెట్టినప్పుడు పుట్టిన ఎసిటిక్ ఆమ్లం గింజలో మిగిలితే ముక్క నోట్లో పెట్టుకోకముందే వెనిగర్ ఘాటు ముక్కుకి తగులుతుంది.

ముక్కని కొరక్కుండా నాలుక మీద పెట్టి, పైదవడకి ఆనించి కరగనివ్వండి. ఎక్కడ ఇబ్బంది పెడుతోందో మీకే తెలుస్తుంది. నాకు చేదు ఎంత ఉన్నా ఇష్టమే. వగరు మాత్రం ఒక హద్దు దాటితే భరించలేను. మా చెల్లికి దీనికి పూర్తిగా వ్యతిరేకం. వగరు పట్టించుకోదు గానీ పులుపు తగిలితే పక్కన పెట్టేస్తుంది. ఇద్దరం ‘వంద శాతం ఇష్టం’ అనే అంటాం, ఇద్దరం తినే బార్లు వేరు.

చేదుప్రియ

నాలుకలెక్క గారూ, ఇప్పుడే మీరు చెప్పినట్టు చేసి చూశాను. నా నోరు బిగదీసిన బార్‌లో చేదు పెద్దగా లేనే లేదు! అంతా వగరే. పళ్ల మీద నాలుక తిప్పితే గరుకుగా తగులుతోంది. అర్థమైపోయింది.

మధ్యేమార్గం

అందరూ ఒప్పుకోకపోయినా నా మాట చెప్తాను. మంచి గింజకి న్యాయం జరిగేది 72-78 మధ్య. చక్కెరని మీరంతా ముసుగులా చూస్తున్నారు. కాస్త చక్కెర చేదుని వెనక్కి నెట్టి పళ్ల వాసనని, పూల వాసనని ముందుకి తెస్తుంది. ఒకే తయారీదారు, ఒకే తోట గింజలతో చేసిన 75, 100 పక్కపక్కన పెట్టుకుని తినండి. 75 లో నాకు నారింజ తొక్క, తేనె విడివిడిగా తెలుస్తాయి. 100 లో ఆ రెండూ చేదు కింద పడిపోతాయి. అంకె పెరిగేకొద్దీ గొప్ప అనే పోటీ చాక్లెట్‌కి మంచి చేయలేదని నా గట్టి అభిప్రాయం.

గింజలమనిషి

పోటీ అక్కర్లేదన్నది ఒప్పుకుంటాను. వాసనల విషయంలో మాత్రం ఒప్పుకోను. 75 కోసం వేయించిన పద్ధతిలోనే 100 కూడా చేస్తే మీరన్నట్టే అవుతుంది. బాగా చేసేవాళ్లు 100 కోసం గింజని విడిగా ఎంచుతారు, తక్కువ వేడిలో వేయిస్తారు. మామూలుగా 120-150 డిగ్రీల మధ్య వేయించడం జరుగుతుంది. ఆ పైకొసకి పోతే మాడు చేదు వస్తుంది, చక్కెర లేనప్పుడు దాన్ని దాచడం కుదరదు. ఇంకోటి, మొదటి ముక్కతో తీర్పు చెప్పకండి. మొదటి ముక్కకి నాలుక ఉలిక్కిపడుతుంది. రెండో ముక్క దగ్గరే వాసన పట్టు దొరుకుతుంది.

మధ్యేమార్గం

రెండో ముక్క మాట నిజమే, అది నేనూ గమనించాను. అయినా నా ఓటు 75 కే.

తోటదారి

ఊళ్లూ దేశాలూ మారితే రుచి ఎలా మారుతుందో కాస్త మాట్లాడుకుందామా? నాకు ఈ వ్యసనం అక్కడే మొదలైంది.

మడగాస్కర్ వాయవ్యంలోని సాంబిరానో లోయ గింజ పుల్లగా, ఎర్ర బెర్రీ పళ్ల వాసనతో ఉంటుంది. 100 శాతంలో కూడా ఆ పళ్ల పులుపు చెక్కుచెదరదు. పులుపు ఇష్టం లేనివాళ్లు దీనితో మొదలుపెట్టొద్దు. ఈక్వడార్ నసియోనాల్ రకంలో మల్లెల్లాంటి పూల వాసన వస్తుంది, కాకపోతే వగరు కాస్త గట్టిగానే ఉంటుంది. ఘనా, ఐవరీ కోస్ట్ గింజ మనందరికీ చిన్నప్పట్నుంచీ తెలిసిన ‘చాక్లెట్ రుచి’. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైన ఆ రెండు దేశాలదే కాబట్టి మన నాలుకకి కొలబద్ద అదే అయింది. పాపువా న్యూగినీ గింజలో పొగ వాసన ఉంటుంది. అక్కడ వానలెక్కువ, ఎండలో ఆరక కట్టెల మంట వేడిమీద ఆరబెడతారు, ఆ పొగ గింజకి పట్టేస్తుంది. దాన్ని లోపం అనేవాళ్లున్నారు. నాకైతే 85 శాతంలో ఆ పొగ చాలా ఇష్టం.

నా మనసు మాత్రం వెనిజులా క్రియోల్లో రకాల దగ్గర ఆగిపోయింది. ముఖ్యంగా పోర్సెలానా. దాని పచ్చి గింజ కోస్తే లోపల ఊదా రంగు ఉండదు, తెల్లగా ఉంటుంది. ఆ ఊదా రంగునిచ్చే పదార్థాలు లేకపోవడంతో వగరు చాలా తక్కువ. మామూలు గింజలు పులియడానికి అయిదారు రోజులు పడితే క్రియోల్లోకి రెండు మూడు రోజులు చాలు. ఈ రకం 100 శాతం బార్ తింటే బాదం, మీగడ గుర్తొస్తాయి. చక్కెర వేస్తే బాగుండేదన్న ఆలోచనే రాదు. మధ్యేమార్గం గారు ఇది దొరికితే తప్పకుండా చూడాలి.

అన్నట్టు, కోకో రకాలని క్రియోల్లో, ఫొరాస్టెరో, ట్రినిటారియో అని మూడు పెట్టెల్లో సర్దడం పాత పద్ధతి. 2008 లో వచ్చిన జన్యు పరిశోధన కోకోని పది గుంపులుగా విడదీసింది. బార్ల మీద మాత్రం ఇప్పటికీ ఆ మూడు పేర్లే రాస్తున్నారు.

పొయ్యిపక్కన

నాదొక చిన్న సందేహం. కేకుల్లో వాడే తియ్యదనం లేని బేకింగ్ చాక్లెట్ దిమ్మె ఇంట్లో ఉంది. అదీ 100 శాతమే కదా, అదే తినేస్తే పోలా?

నాలుకలెక్క

తినొచ్చు, హాని లేదు. కానీ దాన్ని తిని 100 శాతం మీద ఒక అభిప్రాయానికి రాకండి. ఆ దిమ్మె కేకులో చక్కెర, వెన్నలతో కలుస్తుందని లెక్కపెట్టి చేసేది. తినడానికి చేసే బార్‌ని బాగా మెత్తగా నూరతారు. కణం 30 మైక్రాన్ల కంటే పెద్దదైతే నాలుకకి ఇసుకలా తెలుస్తుంది, అందుకని 20 దగ్గరికి తెస్తారు. ఆ తర్వాత కాంచింగ్, అంటే వెచ్చగా ఉంచి గంటలకొద్దీ కలియదిప్పడం. 1879 లో స్విట్జర్లాండ్‌లో రొడోల్ఫ్ లింట్ తెచ్చిన పద్ధతి ఇది. ఇందులో మిగిలిన ఎసిటిక్ ఆమ్లం ఆవిరైపోతుంది, ప్రతి కణానికీ కొవ్వు పూత పడుతుంది. బేకింగ్ దిమ్మెకి ఇంత సేవ చేయరు.

పొయ్యిపక్కన

అయితే అది కేకులకే. థాంక్స్ అండీ.

అట్టచదువరి

వెనక అట్ట మీద ఇంకో మాట కూడా వెతకండి: ‘ఆల్కలీతో శుద్ధిచేసిన కోకో’. దీన్నే డచ్ పద్ధతి అంటారు. 1828 లో గింజల ముద్ద నుంచి కొవ్వు పిండే ప్రెస్‌కి పేటెంటు పొందిన నెదర్లాండ్స్ వాన్ హౌటెన్ కుటుంబం దగ్గరే ఇదీ మొదలైంది. ఆల్కలీ అంటే క్షారం. అది తగిలితే కోకో పులుపు పోతుంది, వగరు తగ్గుతుంది, రంగు నల్లబడుతుంది. అంతా సాఫీగా అయిపోతుంది. దానితోపాటే పళ్ల వాసన పోతుంది, ఫ్లావనాల్స్ అనే పాలిఫినాల్స్ కూడా బాగా పడిపోతాయి. 90 శాతం బార్ కొని ‘భలే మెత్తగా ఉందే’ అనుకున్నప్పుడు ఒక్కోసారి కారణం ఇదే. రంగు ఎంత నలుపైతే అంత గాఢం అనే లెక్క కూడా ఇక్కడే చెడుతుంది. మంచి మడగాస్కర్ 100 చూడండి, ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది.

నాకు డచ్ కోకో తాగడానికి నచ్చుతుంది. బార్‌లో మాత్రం వద్దు.

రాత్రిపక్షి

రాత్రి భోజనం తర్వాత రెండు ముక్కలు తింటాను. నిద్ర పట్టకపోవడానికి అదే కారణమా అని టెన్షన్ పట్టుకుంది. ఎవరికైనా ఇలా ఉందా?

అట్టచదువరి

70-85 శాతం చాక్లెట్ 100 గ్రాముల్లో సుమారు 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రెండు ముక్కలు 20 గ్రాములనుకుంటే 16 మిల్లీగ్రాములు, అంటే కప్పు కాఫీలో ఉండేదానిలో చిన్న వంతు. థియోబ్రోమిన్ దానికి పది రెట్లు ఉంటుంది గానీ మెదడు మీద దాని ప్రభావం కెఫీన్ కంటే చాలా తక్కువ. కెఫీన్ కొంచెం తగిలినా నిద్ర చెడేవాళ్లున్నారు. ఓ వారం మధ్యాహ్నానికి మార్చి చూడండి, తేలిపోతుంది.

రెండుముక్కలు

ఆరోగ్యం గురించి వద్దన్నారు, అయినా ఒక్క మాట. రోజూ 100 శాతం తినేవాళ్లు కాడ్మియం, సీసం అనే హానికరమైన లోహాల సంగతి తెలుసుకోవాలి. కాడ్మియం నేలలోంచి చెట్టు వేళ్ల ద్వారా గింజలోకి వస్తుంది. లాటిన్ అమెరికాలో కొన్ని నేలల్లో ఇది ఎక్కువ. సీసం ఎక్కువగా గింజలు ఆరబెట్టేటప్పుడు దుమ్ముతో పైన పడుతుంది. కోకో శాతం పెరిగేకొద్దీ రెండూ పెరిగే వీలుంది. ఐరోపా సమాఖ్యలో 2019 నుంచి, 50 శాతం, ఆపైన కోకో ఉన్న చాక్లెట్‌కి కిలోకి 0.80 మిల్లీగ్రాముల కాడ్మియం హద్దు అమల్లో ఉంది. 2022 చివర్లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ 28 డార్క్ చాక్లెట్లు పరీక్షిస్తే అన్నింటిలోనూ ఈ రెండు లోహాలూ కనిపించాయి, మోతాదులు మాత్రం బార్‌కీ బార్‌కీ చాలా తేడా.

మానేయమనడం లేదు, నేనూ తింటాను. ఒకే బార్‌కి అతుక్కుపోకుండా దేశాలు మార్చి మార్చి తినండి, రోజుకి రెండు మూడు ముక్కల దగ్గర ఆపండి. చిన్నపిల్లలకీ గర్భిణులకీ ఇంకా తక్కువ. కిడ్నీలో రాళ్లు వచ్చేవాళ్లు డాక్టర్ని అడిగి తినాలి, కోకోలో ఆక్సలేట్ బాగా ఉంటుంది.

నిర్వాహకులు

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు 100 శాతం బార్‌ని అందని చోట పెట్టండి. థియోబ్రోమిన్‌ని కుక్క శరీరం త్వరగా బయటికి పంపలేదు. పాల చాక్లెట్ కంటే ఇది చాలా రెట్లు ప్రమాదం. తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి.

చేదుప్రియ

అందరికీ ధన్యవాదాలు, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఇంకో ప్రశ్న. నా 100 శాతం బార్ మీద తెల్లటి పొర వచ్చింది. బూజా?

గింజలమనిషి

బూజు కాదు. తెల్లపొర రెండు రకాలు. చెమ్మకి చక్కెర కరిగి పైకి తేలి గట్టిపడటం ఒకటి. మీ బార్‌లో చక్కెరే లేదు కాబట్టి ఆ ప్రశ్నే లేదు. రెండోది కోకో బటర్ పైకి రావడం, మీది అదే. కోకో బటర్ ఆరు రకాలుగా స్ఫటికం కడుతుంది. టెంపరింగ్, అంటే కరిగించిన చాక్లెట్‌ని లెక్కప్రకారం చల్లార్చి మళ్లీ కాస్త వెచ్చచేయడం, అయిదో రకం కోసమే. అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే చేతిలో గట్టిగా ఉండి నోట్లో కరుగుతుంది. బార్ వేడెక్కి మళ్లీ చల్లబడితే ఆ అమరిక చెదిరి కొవ్వు పైకొస్తుంది. వేలితో మెల్లగా రుద్దండి, కరిగి మాయమవుతుంది. తినొచ్చు గానీ విరిచినప్పుడు టక్కుమనదు, కాస్త పొడిపొడిగా ఉంటుంది. 15-18 డిగ్రీల చోట, వాసన గలవాటికి దూరంగా దాచుకోండి. ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే గాలి చొరని డబ్బాలో పెట్టి, తినేముందు గది వేడికి రానివ్వండి. చల్లటి చాక్లెట్‌కి వాసన పలకదు.

పాలచుక్క

ఇంతసేపూ చదివాక నాకూ ఒకసారి చూడాలనిపిస్తోంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?

తోటదారి

మీకైతే ఇప్పుడే 100 వద్దమ్మా. 70 తో మొదలుపెట్టి, అది మామూలుగా అనిపించాక 80 కి, తర్వాత 85 కి వెళ్లండి. తొందరేం లేదు. 85 దగ్గర ఆగినా తప్పేం లేదు. తియ్యటిది తిన్న వెంటనే మాత్రం తినొద్దు, చేదు రెట్టింపు తెలుస్తుంది. ముందు గోరువెచ్చని నీళ్లు తాగండి. గోరంత ముక్క చాలు. రెండు మూడు ఉప్పు రవ్వలు పైన వేసుకున్నా చేదు తగ్గుతుంది, ఉప్పుకి ఆ గుణం ఉంది.

వేడికప్పు

బార్‌గా తినలేనివాళ్లకి ఇంకో దారి ఉంది, తాగడం. నిజానికి కోకో పుట్టింది తాగడానికే. ఈక్వడార్ ఆగ్నేయంలో సుమారు 5,300 ఏళ్ల నాటి కుండల్లో కోకో ఆనవాళ్లు దొరికాయి. మాయా, అజ్టెక్ ప్రజలు మిరప, జాఫ్రా గింజలు, మొక్కజొన్న కలిపి, ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తు నుంచి పోసి నురుగు తెప్పించి తాగేవాళ్లు. చక్కెర కలపడం స్పెయిన్ వాళ్లు వచ్చాకే. ఇంగ్లండ్‌లో ఫ్రై కంపెనీ తినే బార్ చేసింది 1847 లో. అంటే చక్కెర లేకుండా కోకో తీసుకోవడం కొత్త ఫ్యాషన్ ఏమీ కాదు, వేల ఏళ్లు అదే మామూలు పద్ధతి.

నేను చేసేది ఇలా. 100 శాతం బార్ 25 గ్రాములు సన్నగా తరిగి, మరిగించి కాస్త ఆరిన నీళ్లు రెండు చెంచాలు పోసి ముందు ముద్దలా కలుపుతాను. ఆ కాసిని నీళ్లకి అది ఒక్కసారి గట్టిపడి విరిగినట్టు కనిపిస్తుంది, కంగారుపడొద్దు. ఇంకొంచెం ఇంకొంచెంగా నీళ్లు పోస్తూ కలిపితే నున్నగా మెరుస్తుంది. మొత్తం 150 మిల్లీలీటర్లు అయ్యాక చిటికెడు ఉప్పు వేసి గట్టిగా గిలక్కొట్టాలి. పాలు పోయను. పాలలో ప్రొటీన్ వగరుని తగ్గించేస్తుంది, దానితోపాటే గింజ వాసన కూడా మందగిస్తుంది.

పాలచుక్క

పాలు పోస్తే వగరు తగ్గుతుందా? అయితే నాకు అదే కావాలి. సగం నీళ్లు, సగం పాలు పోయొచ్చా?

వేడికప్పు

నిరభ్యంతరంగా. ముద్ద మాత్రం నీళ్లతోనే చేసి, పాలు చివర్లో వేడిగా పోయండి. ఏ దేశం గింజతో చేశారో కూడా ఇక్కడ రాయండి.